మొక్కలున్న బెంచీ: వేరుకు చోటెంత, మనిషికి చోటెంత?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నడకదారుల పక్కన, ఆరుబయట అందరూ వాడుకునే చోట్ల పెట్టే బెంచీలు, అరుగులు రూపొందించడం నా వృత్తి. కూర్చునే పలకా మొక్కల తొట్టీ ఒకే వస్తువుగా కలిసి ఉండే బెంచీని గీసి ఇమ్మని ఇప్పుడు నన్ను అడిగారు. ఎండన పడి నడిచి వచ్చిన మనిషి కూర్చోగానే పచ్చదనం చేతికందేంత దగ్గరలో ఉండాలన్నది వారి కోరిక. అది నాకూ నచ్చింది కాబట్టే ఈసారి తప్పు జరగకూడదని పట్టుదలగా ఉంది.

ఈసారి అనడానికి కారణం ఉంది. నాలుగేళ్ల కిందట ఇలాంటిదే ఒకటి చేశాను. కాంక్రీటు తొట్టి, దాని అంచు మీద కూర్చోవడానికి చెక్క పలకలు, మధ్యలో పొదలు. అడుగున నాలుగు వేళ్ల మందాన గులకరాళ్లు పోసి, వాటి మీద మట్టి నింపాము. మొదటి ఏడాది చూసిన వాళ్లంతా మెచ్చుకున్నారు. రెండో వేసవిలో పొదలు ఒక్కొక్కటే వాడిపోతుంటే నీళ్లు చాలడం లేదనుకుని ఎక్కువ పోయించాను, అయినా తేరుకోలేదు. చివరికి ఒక మూల తవ్వి చూస్తే పైన జానెడు మట్టి పిండిలా పొడిగా ఉంది, దాని కింద నల్లగా, ముద్దగా, కుళ్లిన వాసన వేస్తూ ఉంది. పలకలు తొట్టి గోడను తాకిన చోట బొటనవేలితో నొక్కితే చెక్క లోపలికి దిగింది. ఆ తరువాత మట్టి తోడేసి తొట్టిని సిమెంటుతో పూడ్చేశారు.

అందువల్ల అడుగుతున్నాను. తొట్టి ఎంత లోతు ఉండాలి, నీరు ఎలా అందించాలి, ఎలా బయటికి పంపాలి? కూర్చున్న మనిషికీ మొక్కకూ మధ్య ఎంత ఎడం ఉంచాలి? ఆ దారిలోనే ఒక పెద్ద చెట్టు ఉంది, కొత్త తొట్టి పెట్టే బదులు దాని చుట్టూ అరుగు కట్టడం మేలా? కూర్చునే తలం మీదే గడ్డి పెంచవచ్చునని ఒకరు అంటున్నారు, అది నిలుస్తుందా?

మొదటి సమాధానం

నేను ఉద్యాన రంగంలో పనిచేస్తున్నాను. మీరు తవ్వి చూసిన ఆ రెండు పొరలలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. మీ మొక్కలు పైన దాహంతోనూ, కింద ఊపిరాడకనూ, రెండు విధాలుగా చనిపోయాయి.

అడుగున గులకరాళ్లు పోస్తే నీరు బాగా ఇంకుతుందని చాలామంది నమ్ముతారు, కానీ జరిగేది దానికి విరుద్ధం. సన్నని మట్టి రేణువుల మధ్య నీటిని కేశనాళికల బలం (సన్నని సందుల్లోకి నీటిని లాగి పట్టే బలం) పట్టి ఉంచుతుంది. కింద పెద్ద ఖాళీలున్న రాళ్ల పొర తగిలినప్పుడు, పైనున్న మట్టి పూర్తిగా తడిసి నిండేదాకా ఆ నీరు రాళ్లలోకి దిగదు. కాబట్టి రాళ్ల పొరకు సరిగ్గా పైన ఎప్పుడూ ఒక బురద పట్టీ నిలిచి ఉంటుంది. మీరు రాళ్లు పోసి ఆ బురదను తొట్టి అడుగు నుంచి నాలుగు వేళ్లు పైకి, మొక్కల వేళ్లకు మరింత దగ్గరగా ఎత్తి పెట్టారు.

దీన్ని చేత్తో పరీక్షించవచ్చు. ఒక దీర్ఘచతురస్రపు స్పాంజిని నీళ్లలో బాగా ముంచి, అడ్డంగా, పరుపులా పడుకోబెట్టి పట్టుకోండి. కాసేపు నీరు కారి ఆగిపోతుంది. ఒక్క చుక్క కూడా రాలడం లేదని రూఢి చేసుకున్నాక, పిండకుండా దాన్ని నిలువుగా తిప్పండి. మళ్లీ ధారగా నీరు కారుతుంది. స్పాంజి అదే, మారింది ఎత్తు మాత్రమే. ఒకే రకం మట్టిలో అడుగున నిలిచే తడి పట్టీ మందం దాదాపు ఎప్పుడూ ఒకటే కాబట్టి, తొట్టి ఎంత లోతుగా ఉంటే దానిపైన వేళ్లకు గాలి అందే మట్టి అంత ఎక్కువగా మిగులుతుంది. అందుకే వెడల్పాటి, లోతు తక్కువ తొట్టి చూడటానికి అందంగా ఉన్నా వేరుకు అంత మంచిది కాదు. రాళ్లు మానేసి, తొట్టి అడుగు చిల్లుల మీద నీటిని పోనిచ్చి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ బట్ట పరిచి, లోతు మొత్తం ఒకే రకం మిశ్రమంతో నింపండి.

లోతు విషయంలో నేను పాటించే కొలతలు చెబుతాను. నేలను పరుచుకునే చిన్న మొక్కలకు, గడ్డికి 150 నుంచి 200 మిల్లీమీటర్లు, పొదలకు 450 నుంచి 600, చిన్న చెట్టుకు కనీసం 900 కావాలి. న్యూయార్క్‌లో పాత రైలు వంతెన మీద నిర్మించి 2009లో తెరిచిన హై లైన్ ఉద్యానంలో మట్టి సగటున 450 మిల్లీమీటర్ల లోతే ఉంటుంది. అక్కడి గడ్డి జాతులను, బహువార్షిక మొక్కలను ఆ లోతుకు తగినట్టు ఎంచుకున్నారు కాబట్టే అవి నిలబడ్డాయి. మొక్కను ముందు ఇష్టపడి, తరువాత తొట్టిని గీయడం మనం తరచుగా చేసే పొరపాటు.

ఇక నీటి లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే సరిగ్గా ఒక లీటరు. మీ తొట్టి 1.5 మీటర్ల పొడవు, 0.5 మీటరు వెడల్పు, 0.5 మీటరు లోతు అనుకుందాం. వేడి దినాలలో మట్టి నుంచి ఆవిరయ్యేది, మొక్కల ఆకుల గుండా పోయేది కలిపి రోజుకు 6, 7 మిల్లీమీటర్లు పోతుందంటే, 0.75 చదరపు మీటర్ల తొట్టికి రోజుకు 5 లీటర్లు కావాలి. తొట్టిలోని 375 లీటర్ల మిశ్రమంలో మొక్క తీసుకోగలిగిన నీరు ఏ 15 శాతమో ఉంటుంది, అంటే 56 లీటర్లు. అందులో సగం అయ్యేసరికే మొక్క ఇబ్బంది పడటం మొదలవుతుంది కాబట్టి, ఒకసారి నిండుగా తడిపితే ఐదారు రోజులు గడుస్తుంది. ఎండ తగిలే పక్క గోడలు, గాలి ఈ గడువును ఇంకా తగ్గిస్తాయి. వారానికి ఒకసారి వచ్చి నీళ్లు పోసే ఏర్పాటు ఉన్న చోట ఈ తొట్టి ఎందుకు బతకదో ఈ లెక్కే చెబుతుంది.

దీనికి నేను సూచించేది అడుగున ఒక నీటి అర. 40 లీటర్లు పట్టే అర, అందులోంచి మట్టిలోకి నీటిని పైకి లాగే వత్తులు, వాన పడినప్పుడు ఎక్కువైన నీరు బయటికి పోవడానికి అర పైభాగంలో ఒక పొంగు గొట్టం. దీపంలో వత్తి నూనెను ఎలా లాగుతుందో ఇదీ అంతే. పొంగు గొట్టం లేకుండా మాత్రం నీటి అర పెట్టవద్దు, ఒక్క పెద్ద వానకే మీ పాత తొట్టి కథ పునరావృతం అవుతుంది.

బరువును కూడా గుర్తుంచుకోండి. మామూలు తోట మట్టి తడిస్తే ఘనమీటరు 1,600 కిలోలకు తగ్గదు, కాబట్టి పైన చెప్పిన తొట్టిలో మట్టే 600 కిలోలు. నేల మీద పెడితే ఇబ్బంది లేదు, భూగర్భ వాహనశాల పైకప్పు మీదో, వంతెన మీదో పెడుతుంటే ముందుగా నిర్మాణ ఇంజనీరును అడగాలి. కొబ్బరి పొట్టు, పెర్లైట్ (వేడికి ఉబ్బించిన తేలికైన రాతి గుళికలు), కంపోస్టు కలిపిన మిశ్రమం బరువును బాగా తగ్గిస్తుంది, అయితే కొబ్బరి పొట్టు, కంపోస్టు ఏటేటా కుంగిపోతాయి కాబట్టి పైన మళ్లీ నింపుతూ ఉండాలి.

మొక్కల ఎంపికలో ఒక్కటే గట్టిగా చెబుతాను. గన్నేరు ఎంత మొండిదైనా, ఎంత పూసినా, ఆసనం పక్కన వద్దు. ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే. పచ్చ గన్నేరు గింజ ఇంకా ప్రమాదకరం. బెంచీ మీద కూర్చున్న పసివాడి చేయి మొదట వెళ్లేది ఆకు మీదికే, తరువాత నోట్లోకే.

రెండో సమాధానం

పైవారు వేరు గురించి చెప్పారు, నేను మోకాలి గురించి చెబుతాను.

మొక్కల బెంచీలలో ఎక్కువగా కనిపించే లోపం ఒకటుంది. తొట్టి గోడనే ఆసనంగా వాడటం వల్ల ఆసనం కింద ముందుభాగం నేల దాకా నిట్టనిలువుగా మూసుకుపోతుంది. మీరు కూర్చున్న కుర్చీలోంచి ఇప్పుడు లేచి చూడండి. లేవబోయే ముందు మీకు తెలియకుండానే మడమలను మోకాళ్ల కంటే వెనక్కి లాక్కుంటారు. ఆ జాగా లేకపోతే యువకులు ఎలాగో ఊపుతో లేస్తారు గాని, మోకాళ్ల నొప్పులున్న వృద్ధులు లేవలేక పక్కవారి చేయి అడగవలసి వస్తుంది. కాబట్టి పలకను గోడ కంటే కనీసం 100 మిల్లీమీటర్లు ముందుకు పొడిగించండి, లేదా గోడ అడుగుభాగాన్ని లోపలికి నొక్కండి. నేనైతే రెండూ చేస్తాను.

ఆసనం ఎత్తు 430 నుంచి 460 మిల్లీమీటర్లు, లోతు 400 నుంచి 450, వెనక ఆనుకునే పలక నిలువు కంటే 10 నుంచి 15 డిగ్రీలు వెనక్కి వాలి ఉండాలి. కొన్ని చోట్లయినా చేతులు ఆన్చి లేవడానికి కమ్మీలు పెట్టండి. బెంచీ పక్కన చక్రాల కుర్చీ నిలిచేందుకు 900 మిల్లీమీటర్ల వెడల్పు, 1,200 పొడవు గల చదునైన చోటు వదలండి, అదీ మొక్కలకు దగ్గరగా ఉండే వైపున. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషికి మిగిలేది ఎప్పుడూ చెత్తబుట్ట పక్కన స్థలమే కావడం న్యాయం కాదు.

ఎడం విషయానికి వస్తే, వెనక ఉన్న మొక్క ఆకు మెడకు తగిలితే మనిషి కూర్చోడు. అది పురుగేమోనని ఉలిక్కిపడి ముందుకు జరుగుతాడు. మొక్క పూర్తిగా ఎదిగాక దాని అంచుకూ వీపు పలకకూ మధ్య 250 నుంచి 300 మిల్లీమీటర్లు ఉండాలి, నాటిన రోజున ఉండే దూరం లెక్కలోకి రాదు. తేనెటీగలు మూగే పూల మొక్కలను ఆసనానికి ఎదురుగానో, కాస్త అవతలగానో పెట్టండి. అవి ఉండవలసినవే, కాకపోతే చెవి పక్కన కాదు.

వెనక పొద ఎత్తును కూడా అదుపులో ఉంచండి. వీపుకు ఒక ఆసరా ఉంటే ధైర్యంగా ఉంటుంది, కానీ తలను మించి పెరిగిన గుబురు వెనకనుంటే, ముఖ్యంగా చీకటి పడ్డాక, ఆడవాళ్లు ఒంటరిగా అక్కడ కూర్చోరు. నేల నుంచి 700 మిల్లీమీటర్ల లోపు పొదలు, ఆపైన కావాలంటే కొమ్మలు పైకి కత్తిరించిన చెట్టు నీడ, మధ్యలో చూపు ఆనే ఖాళీ, ఇది నాకు బాగా పనిచేసిన పద్ధతి. నీడ కోసం తీగ పాకిస్తే పడమటి వైపున, నిలువు తడిక మీద పాకించండి. మధ్యాహ్నం తరువాతి ఏటవాలు ఎండను పైకప్పు ఆపలేదు, నిలువు తెర మాత్రమే ఆపుతుంది.

చెక్క కుళ్లడం గురించి: తడి మట్టి ఉన్న గోడకూ చెక్కకూ మధ్య గాలి ఆడే సందు ఉండి తీరాలి. 50 మిల్లీమీటర్ల ఎడంతో ఉక్కు పట్టీల మీద పలకలను నిలబెడితే, పాడైన ఒక్క పలకను విప్పి మార్చుకోవచ్చు.

మూడో సమాధానం

నేను ఇలాంటి తొట్లను రోజూ చూసుకునే బృందంలో పనిచేస్తాను. గీసేవారు మా పనిని ఒక్క పూట చూసినా చాలా మార్పులు వాటంతట అవే వస్తాయని నా నమ్మకం.

నీటి అర మంచిదే, కానీ మొదటి సమాధానంలో చెప్పని రెండు సంగతులున్నాయి. నీళ్లు పోసే గొట్టం మూత పోతే వారం తిరిగేసరికి అందులో దోమ పిల్లలు కదులుతాయి. మూతకు గొలుసు, గొట్టం లోపల సన్నని జల్లెడ తప్పనిసరి. రెండోది, లోపల నీరుందో లేదో బయటికి తెలియకపోతే ఒకరు ఉందనుకుని వదిలేస్తారు, ఇంకొకరు లేదనుకుని పోస్తూనే ఉంటారు. తేలే బిరడాకు ఒక రంగు పుల్ల తగిలించి, నీటిమట్టం పైనుంచి కనబడేలా చేయండి. ఇది చిన్న ఖర్చు, దీనివల్ల బతికే మొక్కలు చాలా. ఇంకా, నాటిన మొదటి రెండు మూడు నెలలు వేళ్లు వత్తుల దాకా దిగి ఉండవు, అప్పటిదాకా పైనుంచే నీళ్లు పోయాలి. అడుగున నీరుండగా పైన మొక్క ఎండిపోవడాన్ని నేను స్వయంగా చూశాను.

తొట్టి అంచుకు మట్టి ఎంత కింద ఉండాలన్నది ఎవరూ అడగరు. అంచుతో సమంగా నింపితే నీళ్లు పోసినప్పుడల్లా మట్టి పలకల మీదికి వచ్చి కూర్చునేవారి బట్టలు పాడవుతాయి. జానెడు కింద ఉంచితే ఆ గుంత చెత్తకుండీ అవుతుంది. ప్రతి ఉదయం మేము ఏరేవి కాగితపు కప్పులు, మూతలు, సిగరెట్ పీకలు. చేయి పట్టక, పలకకూ గోడకూ మధ్య సన్నని సందులోంచి పీకలను పుల్లతో గుచ్చి తీయవలసి వస్తుంది. సందు పెడితే చేయి పట్టేంత పెట్టండి, లేదా అడుగు నుంచి ఊడ్చేలా కింద తెరిచి ఉంచండి. మట్టిని అంచుకు 40, 50 మిల్లీమీటర్ల కిందనే ఉంచి, పైన ఖాళీ నేల కనబడకుండా పరుచుకునే మొక్కలు దట్టంగా నాటితే చెత్త వేయడం చాలావరకు తగ్గుతుంది. నున్నగా ఖాళీగా కనిపించే మట్టిలోనే జనం పడేస్తారు, ఆకు మీద వేయడానికి చేయి రాదు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఒకటుంది. మొక్క ఎప్పుడో ఒకప్పుడు చనిపోతుంది, ఆ రోజు కోసం కూడా గీయండి. మట్టినంతా కాంక్రీటు తొట్టిలో నేరుగా నింపకుండా, ఇద్దరు మోయగలిగిన లోపలి పెట్టెల్లో నింపి దించేలా చేయండి. పాడైన పెట్టెను తీసి, వెనక తోటలో పెంచి ఉంచిన ఇంకొక పెట్టెను ఒక పూటలో దించవచ్చు. ఒక్క షరతు: పెట్టె తడితో కలిపి 50 కిలోలు దాటకూడదు, అంటే అది 35, 40 లీటర్ల తేలిక మిశ్రమానికి మించదు. పొదలకు ఇది చాలదని మొదటివారు అంటారు, నిజమే. అందుకే పెట్టెల్లో చిన్న మొక్కలు, గడ్డి జాతులు పెట్టి, పొదలకు మాత్రం అడుగులేని తొట్టి కట్టి, వేళ్లను నేరుగా నేలలోకి పోనివ్వమంటాను. కింద నేల ఉన్న చోట తొట్టికి అడుగు ఎందుకు పోయాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాలుగో సమాధానం

చెట్టు గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. ఉన్న చెట్టు మీకు దొరికిన వరం, దాని నీడను ఏ తొట్టీ ఇరవై ఏళ్లలో కూడా ఇవ్వలేదు. కానీ దాని చుట్టూ గట్టి అరుగు కట్టి లోపల మట్టి నింపితే ఆ చెట్టును మెల్లగా చంపినట్టే. చెట్టు వేళ్లలో అధికభాగం పైనున్న 600 మిల్లీమీటర్ల నేలలోనే ఉంటాయి, కొమ్మల అంచును దాటి కూడా పాకుతాయి. పునాది కోసం గుండ్రంగా కందకం తవ్వితే వాటిని వరుసగా తెగ్గొడతారు. పైన మట్టి పోస్తే మిగిలినవాటికి గాలి అందదు. మొదలు నేలను తాకే చోట వెడల్పుగా విచ్చుకుని ఉంటుంది, ఆ భాగం మట్టిలో పూడుకుపోతే బెరడు ఎప్పుడూ తడిగా ఉండి కుళ్లుతుంది. ఇదంతా మొదటి ఏడాదిలో కనిపించదు. ఐదారేళ్లకు పైకొమ్మలు ఎండటం మొదలయ్యాక ఎవరికీ అరుగు గుర్తుకు రాదు.

కాళ్ల మీద నిలిచే బెంచీని చెట్టు చుట్టూ ముక్కలుగా అమర్చండి. ప్రతి కాలికీ చిన్న గుంత చేత్తో తవ్వి, లావు వేరు తగిలితే గుంతను పక్కకు జరపండి. మొదలుకూ బెంచీకీ మధ్య చెట్టు లావెక్కడానికి జాగా వదిలి, లోపలి వరుస పలకలు తరువాత విప్పేలా మరలతో బిగించండి. నేల మీద సిమెంటు వద్దు, ఎండుటాకులో, బెరడు ముక్కలో 50 మిల్లీమీటర్ల మందాన పరచండి, మొదలును మాత్రం తాకనీయవద్దు.

గడ్డి ఆసనం మీద కూడా ఒక మాట. ఈ ఊహ కొత్తది కాదు. 13వ శతాబ్దంలోనే జర్మన్ మతపండితుడు ఆల్బెర్టస్ మాగ్నస్ ఉద్యానం ఎలా ఉండాలో రాస్తూ గడ్డి పరిచిన ఆసనాన్ని వర్ణించాడు. కానీ అవి నలుగురు ఎప్పుడో ఒకసారి కూర్చునే ప్రైవేటు తోటలు. రోజంతా వందలమంది వచ్చిపోయే చోట ఒకే చోట పదేపదే బరువు పడితే మట్టి గట్టిపడి గడ్డి చస్తుంది. పైగా అది ఆరోగ్యంగా ఉన్నంతకాలం తడిగానే ఉంటుంది కాబట్టి కూర్చున్నవారి బట్టలు తడుస్తాయి. పెరిగే చెట్టునే కుర్చీగా మలచిన వారు కూడా ఉన్నారు. అమెరికాలోని విస్కాన్సిన్‌కు చెందిన జాన్ క్రబ్‌సాక్ మొక్కలను వంచి, అంటుకట్టి కుర్చీ ఆకారంలో పెంచాడు. 1914లో దాన్ని కోసి తీశాకే అది కుర్చీగా వాడుకలోకి వచ్చింది. మనిషి బరువు మోసేది చెక్కో, రాయో, ఉక్కో కానివ్వండి. మొక్కను పక్కన బతకనివ్వండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. స్పాంజి ప్రయోగం ఈ రోజే చేసి చూశాను. నిలువుగా తిప్పగానే కారిన నీటిని గ్లాసులో పట్టి బల్ల మీద పెట్టుకుని, పాత గీతలన్నీ మళ్లీ తిరగేశాను.

ఇప్పుడు అనుకుంటున్నది ఇది. చెట్టు కింద కాళ్ల మీద నిలిచే విడి బెంచీలు, వాటికి మొక్కలు అంటుకోవు. దారి పొడవునా మాత్రం అడుగులేని తొట్లు, వాటికి 50 మిల్లీమీటర్ల ఎడంగా ఉక్కు పట్టీల మీద పలకలు, రెండు తొట్ల మధ్య చక్రాల కుర్చీకి చోటు. నేల కింద గొట్టాలు పోయే ఒక ముక్కలో మాత్రం అడుగున్న తొట్టి, నీటి అర, విప్పే పెట్టెలు. గడ్డి ఆసనం ఆలోచనను వదిలేశాను. ఒక్క సందేహం మిగిలింది. అడుగులేని తొట్టిలో పొదల వేళ్లు పక్కలకు పాకి నడకదారి పలకలను పైకి లేపవా?

మూడో సమాధానం ఇచ్చినవారు

పొదలు లేపవు, చెట్లు లేపుతాయి. అయినా ముందు జాగ్రత్తగా తొట్టి గోడను నేల మట్టానికి 300 మిల్లీమీటర్లు కిందికి దించండి, పక్కకు వెళ్లబోయే వేరు కిందికి మళ్లుతుంది. గోడ కట్టే ముందు తొట్టి లోపల నేలను గునపంతో బాగా గుల్ల చేయించడం మరిచిపోకండి. నిర్మాణంలో బండ్లు తిరిగి ఆ నేల రాయిలా గట్టిపడి ఉంటుంది, దాని మీద మట్టి పోస్తే అడుగు లేకపోయినా ఉన్నట్టే. ఒక గుంత తీసి బకెట్ నీళ్లు పోసి, మరునాటికి ఇంకాయో లేదో చూసి అప్పుడు నాటించండి. అలాగే నీటి కుళాయి ఎక్కడ వస్తుందో కూడా గీతలోనే చూపించండి. మా గొట్టం 30 మీటర్లే ఉంటుంది.